బిందు సేద్యంలో ఎరువుల మోతాదు పంపు – సాధారణ లోపాలు, సవరణ

బిందు సేద్యంలో నీటితోపాటు ఎరువులను అందించే ఫెర్టిగేషన్ పద్ధతికి ప్రధానంగా మూడు సాధనాలు వాడుకలో ఉన్నాయి. అవి ఎరువుల ట్యాంకు, వెంచురి, మోతాదు పంపు. ట్యాంకులోని ద్రావణం గాఢత సమయం గడిచే కొద్దీ తగ్గిపోతుంది. వెంచురి పీల్చుకునే పరిమాణం లైనులోని పీడనాన్ని బట్టి మారుతుంది. మోతాదు పంపు మాత్రం ప్రతి స్ట్రోకుకు నిర్దిష్ట పరిమాణంలో ద్రావణాన్ని పంపుతుంది. ఎక్కువ ధర వెచ్చించి దీనిని ఎంచుకునేది ఈ కచ్చితత్వం కోసమే.

అయితే పంపు నడుస్తున్నంత మాత్రాన పైరుకు మోతాదు అందుతున్నట్లు కాదు. మోటారు శబ్దం మామూలుగానే వినిపిస్తున్నా ద్రావణం సగమే లైనులోకి చేరుతూ ఉండవచ్చు. ఆకులు పాలిపోయిన తర్వాత లోపం బయటపడితే, అప్పటికే కీలకమైన పూత, పిందె దశలు దాటిపోతాయి. కనుక పంపును చెవితో కాక కొలతతో పరీక్షించాలి.

పంపు పనిచేసే విధానం

డయాఫ్రం రకం పంపులో డయాఫ్రం వెనుకకు కదిలినప్పుడు సక్షన్ వాల్వు తెరుచుకొని ద్రావణం లోనికి వస్తుంది. ముందుకు కదిలినప్పుడు ఆ వాల్వు మూసుకొని, డెలివరీ వాల్వు ద్వారా ద్రావణం ప్రధాన లైనులోకి వెళుతుంది. సాధారణంగా ఈ వాల్వులలో ఒక చిన్న బంతి తన పీఠంపై కూర్చుని దారిని మూస్తుంది. ఆ బంతి కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా ద్రావణం వెనుకకు జారి మోతాదు తగ్గుతుంది.

పరీక్షించే పద్ధతి

సక్షన్ పైపును ట్యాంకు నుంచి తీసి, కొలత గీతలు గల పాత్రలోని నీటిలో ముంచాలి. బిందు సేద్యం లైను సాధారణ పీడనంతో నడుస్తుండగా పంపును రెండు నిమిషాలు నడిపి, పాత్రలో తగ్గిన నీటిని కొలవాలి. పీడనం లేకుండా బయట కొలిస్తే పంపు ఎక్కువ ఇస్తున్నట్లు కనిపించవచ్చు. ఉదాహరణకు పంపును గంటకు 60 లీటర్లకు అమర్చితే రెండు నిమిషాలలో 2 లీటర్లు తగ్గాలి. 1.5 లీటర్లే తగ్గితే పంపు గంటకు 45 లీటర్లే ఇస్తున్నది. అంటే పైరుకు నాలుగో వంతు ఎరువు అందడం లేదు.

పంపు నడిచినా ద్రావణం రాకపోవడం

ఈ సమస్యకు కారణం చాలావరకు సక్షన్ వైపునే ఉంటుంది. ట్యాంకులో ద్రావణం అడుగంటినా, ఫుట్ వాల్వు జాలీ మూసుకుపోయినా, పైపు జాయింటు వదులైనా గాలి చేరి పంపు పీల్చడం మానుతుంది. సక్షన్ పైపులో బుడగలు కనిపిస్తే జాయింట్లను బిగించి, పగిలిన పైపును మార్చాలి. గాలి వదిలే స్క్రూను కొద్దిగా తెరిచి, బుడగలు లేకుండా ద్రావణం వచ్చేవరకు పంపును నడపాలి. పంపును ట్యాంకుకు వీలైనంత దగ్గరగా, ద్రావణం మట్టానికి ఎక్కువ ఎత్తు లేకుండా అమర్చాలి. ఫుట్ వాల్వును ట్యాంకు అడుగుకు కొంచెం పైన ఉంచితే మడ్డి లోనికి రాదు.

మోతాదు తగ్గడం

వాల్వులలో మడ్డి లేదా స్ఫటికాలు చేరడం ఇందుకు ముఖ్య కారణం. కాల్షియం నైట్రేటును సల్ఫేటు లేదా ఫాస్ఫేటు ఎరువులతో ఒకే ట్యాంకులో గాఢంగా కలిపితే కరగని తెల్లటి అవక్షేపం ఏర్పడుతుంది. వీటిని వేరు వేరు ట్యాంకులలో కలిపి వాడాలి. ఎరుపు రంగు పొటాష్‌లోని కరగని మలినాలు వాల్వులలో చేరుతాయి కనుక పూర్తిగా కరిగే తెల్లని రకాన్నే ఎంచుకోవాలి.

ఉష్ణోగ్రత ప్రభావం కూడా గుర్తుంచుకోదగినది. పొటాషియం నైట్రేటు లీటరు నీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 316 గ్రాములు కరిగితే, 10 డిగ్రీల వద్ద సుమారు 210 గ్రాములే కరుగుతుంది. పైగా అది కరిగేటప్పుడు నీరు చల్లబడుతుంది. మధ్యాహ్నం తేటగా ఉన్న గాఢ ద్రావణం శీతాకాలపు తెల్లవారుజామున ట్యాంకు అడుగున స్ఫటికాలుగా పేరుకోవడానికి కారణం ఇదే.

నీటిలోని బైకార్బొనేట్ల వలన ఏర్పడిన సున్నపు పొర సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నురగతో కరుగుతుంది. జిప్సం మాత్రం ఆమ్లానికి సులభంగా లొంగదు. వాల్వును విప్పి శుభ్రపరచాలి లేదా మార్చాలి. పంపు కింది రంధ్రం నుంచి ద్రావణం కారుతుంటే డయాఫ్రం చిరిగినట్లే. దానిని వెంటనే మార్చకపోతే లోపలి భాగాలు తుప్పు పడతాయి.

మోతాదు మించడం, వెనుకకు ప్రవహించడం

ట్యాంకు ఎత్తులో ఉండి లైనులో పీడనం లేనప్పుడు, పంపు ఆగి ఉన్నా ద్రావణం సైఫన్ పద్ధతిలో లైనులోకి జారుతుంది. దీనిని నివారించడానికి డెలివరీ వైపు యాంటీ సైఫన్ వాల్వు అమర్చాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది వెనుక ప్రవాహం. కరెంటు పోయి బోరు మోటారు ఆగినప్పుడు లైనులోని నీరు ఎరువుతో సహా బావిలోకి వెళ్ళవచ్చు. మోతాదు పంపు వేరే సరఫరాపై నడుస్తుంటే గాఢ ద్రావణమే చేరే ప్రమాదం ఉంది. ఆ బావి నీటినే త్రాగే కుటుంబాలకు ఇది ఆరోగ్య సమస్య. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. కాబట్టి ఎరువు కలిసే చోటుకు ముందు, బోరు వైపున నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరిగా ఉండాలి. బోరు మోటారు ఆగితే మోతాదు పంపు కూడా ఆగేలా వైరింగ్ చేయించాలి.

నిర్వహణ, జాగ్రత్తలు

• ప్రతిసారీ ఎరువు పంపడం పూర్తయ్యాక పంపు గుండా శుభ్రమైన నీటిని నడపాలి. నీరు పారించే సమయంలో చివరి భాగాన్ని ఇందుకు కేటాయించాలి.
• ఎరువు ద్రావణం జాలీ ఫిల్టరుకు ముందు లైనులో కలిసేలా చూడాలి.
• ఆమ్లాన్ని నీటిలో కలపాలి. నీటిని ఆమ్లంలో పోయరాదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించాలి.
• ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడరుతో లేదా ఇతర క్లోరిన్ మందులతో కలిపితే విష వాయువు వెలువడుతుంది. ఒకటి వాడిన తర్వాత ట్యాంకును, పంపును కడిగిన పిదపనే రెండవది వాడాలి.
• పంపును విప్పే ముందు కరెంటు ఆపి, లైనులోని పీడనాన్ని వదలాలి.
• డయాఫ్రం, వాల్వు బంతులు, సీళ్లు ఒక జత అదనంగా దగ్గర ఉంచుకోవాలి.

వాల్వులను శుభ్రపరచినప్పుడు, ఎరువు మార్చినప్పుడు, ప్రతి పంట కాలం ఆరంభంలో రెండు నిమిషాల పరీక్ష చేసి, కొలతను తేదీతో పుస్తకంలో నమోదు చేయాలి. వరుస కొలతలను పోల్చి చూస్తే మోతాదు ఎప్పటి నుంచి తగ్గుతున్నదో పైరు చెప్పకముందే తెలుస్తుంది. అప్పుడు ఎరువుపై పెట్టిన ఖర్చు వేళ్లకు చేరుతుంది, బావి నీరు కూడా సురక్షితంగా ఉంటుంది.