వేగమునకు ముందు కళ్లెము

1898వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక విద్యుత్ప్రదర్శనము జరిగెను. అచ్చట నీరు నింపిన తొట్టిలో ఒక చిన్న ఇనుప పడవ తేలుచుండెను. దానిలో మనుష్యుడు లేడు. దానిని లాగు తాడు లేదు. గట్టుతో కలుపు తీగయు లేదు. ఐనను అది ముందునకు సాగుచు, ఆగుచు, కుడియెడమలకు మరలుచు, దీపములను వెలిగించుచు ఆర్పుచు చూపరులను విస్మితులను గావించెను. ఇది ఇంద్రజాలమని తలచినవారును కలరు. పడవను దూరమునుండి నడపుచున్నవాడు నికోలా టెస్లా యను శాస్త్రజ్ఞుడు. అతని యాజ్ఞలను మోసికొనిపోవుచున్నవి కంటికి కానరాని విద్యుత్తరంగములు.

ఆ పడవలో విద్యుద్ఘటములు, ప్రొపెల్లరును త్రిప్పు మోటారు, చుక్కానిని మరల్చు మరియొక మోటారు ఉండెను. వీనికి తోడు లోహపు రజను నింపిన చిన్న గొట్టమొకటి యుండెను. తరంగము సోకినంతనే ఆ రజను విద్యుత్తునకు దారి యిచ్చును. ఆజ్ఞ నెరవేరిన పిదప గొట్టము తలక్రిందై రజను మరల విడివడి, తరువాతి యాజ్ఞకు సిద్ధమగును. ఇంతటి మొరటు పరికరముతోనే టెస్లా తన పని సాధించెను. ఆ యేడే నవంబరు 8వ తేదీన అమెరికా ప్రభుత్వము 613809 సంఖ్యగల పేటెంటును అతనికి ప్రసాదించెను. పరీక్షకుడు న్యూయార్కునకు వచ్చి పడవ నడకను కన్నులార చూచిన పిమ్మటనే పేటెంటు లభించెనని టెస్లా తన యాత్మకథలో వ్రాసికొనెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. మోటారు, ఘటములు అప్పటికే లోకమెరిగినవే. విద్యుత్తుతో నడచు పడవయు క్రొత్తది కాదు. క్రొత్తది ఆ పడవ చెప్పినమాట వినుట. రేడియోతో నడచు పడవ చరిత్ర వేగముతో గాక, విధేయతతో ప్రారంభమైనది.

నేడు ఆ విధేయత అంగడిలో దొరకును. చేతిలో నిమిడెడు ప్రసారకమును, అగ్గిపెట్టె యంతటి గ్రాహకమును ఎవరైనను కొనవచ్చును. అందుచేత ఔత్సాహికుల దృష్టి శక్తిపైకి మరలినది. మీటరునకు మించిన పొడవు, పదిపదునైదు కిలోల బరువు, అనేక అశ్వశక్తుల మోటార్లు గల నమూనా పడవలను వారు నిర్మించుచున్నారు. వానిలో గంటకు నూరు కిలోమీటర్లను దాటునవియు కలవు. అట్టి పడవ యొకటి నిర్మింపబూనిన విద్యార్థి ఏమేమి లెక్కింపవలెను, దేనిని మొదట చూచుకొనవలెను?

మొదటి లెక్క పరిమాణమునకు సంబంధించినది. చిన్న పడవను అన్ని వైపులను రెండింతలు చేసినచో పెద్ద పడవ యగునని తోచును. కాని ప్రకృతి అన్నిటిని ఒకే రీతిని పెంచదు. పొడవు రెండింతలైనచో నీటిని తాకు వైశాల్యము నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు అగును. 60 సెంటీమీటర్ల పడవ 2 కిలోలు తూగినచో, అదే యాకృతి గల 120 సెంటీమీటర్ల పడవ 16 కిలోలు తూగును.

వేగపు సంగతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానము నిచ్చినవాడు ఆంగ్లదేశపు యంత్రశాస్త్రజ్ఞుడు విలియం ఫ్రూడ్. ఇతడు 1867లో డార్ట్ నదిపై 3, 6, 12 అడుగుల నమూనాలను లాగించి పరీక్షించెను. ఒక యాకృతికి హంస యనియు, వేరొక దానికి బొంతకాకి యనియు పేరిడెను. ఒక వేగమున ఒకటి మేలనిపించెను. వేగము మారినంతనే రెండవది మేలైనది. అన్ని వేగములకును శ్రేష్ఠమైన యాకృతి యొకటి లేదని దీనివలన తేటపడెను. పిమ్మట టార్కీ యను పట్టణమున ఇంచుమించు 85 మీటర్ల పొడవుగల తొట్టిని కట్టించి, 1872 మొదలుకొని మైనపు నమూనాలతో పరీక్షలు సాగించెను. గ్రేహౌండ్ అను నిజమైన యుద్ధనౌకను వేరొక నౌకచే లాగించి, నమూనా చెప్పిన లెక్కతో సరిచూచెను. నౌకలపై జరిగిన యట్టి పరిశోధనకు నేడును ఆ తొట్టియే మూలపురుషుడు. 1969లో విశాఖపట్టణమున నెలకొన్న నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలయందు ఇట్టి పరీక్షలకే 500 మీటర్ల పొడవుగల తొట్టి కలదు.

అలల వలన కలుగు నిరోధమును గూర్చి ఫ్రూడ్ చెప్పిన సూత్రము తరగతిలో నల్లబల్లపై వ్రాయదగినంత సులభము. పొడవు రెండింతలైనచో, దానికి సరియైన వేగము రెండు యొక్క వర్గమూలమంత, అనగా 1.41 రెట్లు. ఆ వేగమున నిరోధము బరువుతోపాటు ఎనిమిదింతలగును. నిరోధమును వేగముచే గుణించిన వచ్చునది శక్తి. కనుక కావలసిన శక్తి రమారమి 11.3 రెట్లు. నీటి ఒరిపిడికి లెక్క వేరని ఫ్రూడే వివరించెను. ఐనను తొలి యంచనాకు ఈ సూత్రము చాలును. రెండింతల పడవకు రెండింతల మోటారు చాలుననుకొన్న బాలుడు ఇచ్చటనే ఆగి తన లెక్కను దిద్దుకొనవలెను.

ఆ శక్తి విద్యుత్తు నుండి రావలెను. నేటి నమూనా పడవలలో లిథియం పాలిమర్ ఘటములను వాడుదురు. ఒక్కొక్క ఘటము సామాన్యముగా 3.7 వోల్టులు, నిండుగా నింపినచో 4.2 వోల్టులు ఇచ్చును. పండ్రెండింటిని వరుసగా కలిపినచో 44.4 వోల్టులగును. అందుండి 150 ఆంపియర్లు ప్రవహించినచో శక్తి 6,660 వాట్లు, అనగా దాదాపు 9 అశ్వశక్తులు. అదే శక్తిని ఆరు ఘటములతో పొందదలచినచో 300 ఆంపియర్లు కావలెను. తీగలయందును, అతుకులయందును పుట్టు వేడి ప్రవాహము యొక్క వర్గమును బట్టి పెరుగును. ఒక ఓములో వెయ్యింట రెండు వంతుల నిరోధమున్న చోట 150 ఆంపియర్లకు 45 వాట్ల వేడి పుట్టగా, 300 ఆంపియర్లకు 180 వాట్లు పుట్టును. కావుననే అనుభవజ్ఞులు వోల్టులను పెంచి ప్రవాహమును తగ్గింతురు.

ఈ ధనము ఎంతసేపు నిలుచును? 10 ఆంపియర్ గంటల బ్యాటరి 150 ఆంపియర్ల చొప్పున నాలుగు నిమిషములలో రిక్తమగును. ఘటములను అడుగంట వాడుట వానికి హానికరము. ఐదవ వంతు మిగుల్చుకొన్నచో పూర్తి వేగపు పరుగు మూడు నిమిషములకు కొంచెము మించును. నెలల తరబడి చేసిన పనికి ఫలము ఆ కొద్ది నిమిషములే!

ప్రొపెల్లరు విషయమున ఆశకు అంతకన్న పెద్ద పరీక్ష కలదు. తిరుగు వేగము మారనిచో, ప్రొపెల్లరు కోరు శక్తి దాని వ్యాసము యొక్క ఐదవ ఘాతమును బట్టి పెరుగును. 40 మిల్లీమీటర్ల ప్రొపెల్లరును తీసి 44 మిల్లీమీటర్లది తగిలించినచో కంటికి కనబడు తేడా స్వల్పము. మోటారుపై బరువు మాత్రము నూటికి 61 వంతులు హెచ్చును. మోటారు కాలినప్పుడు అంగడివానిని నిందించుటకు ముందు ఈ గుణకారము చేసి చూచుట మేలు.

పడవ దేహమును గాజునూలు బట్టకు ఎపాక్సీ జిగురు పట్టించి పొరలు పొరలుగా పోయుదురు. బరువుల మధ్యబిందువు వెనుక నుండి పొడవులో సుమారు మూడవ వంతు దూరమున ఉండునట్లు ఘటములను జరుపుదురు. అది మరీ వెనుకకు పోయినచో ముక్కు గాలిలోనికి లేచి పడవ తలక్రిందగును. ప్రొపెల్లరు ఇరుసు సాగు గొట్టములో నీరు చొరకుండ గ్రీజు నింపుదురు. చుక్కాని ప్రక్కనుండి నీటిని లోపలికి తీసికొని, మోటారు చుట్టును, దానికి విద్యుత్తును పంచు నియామకము చుట్టును సన్నని గొట్టములలో త్రిప్పి, వేడిని వెలికి పంపుదురు. పడవను ముంపగల నీరే ఇచ్చట దానిని కాపాడుచున్నది.

ఐనను ఏనాడో ఒకనాడు పడవ బోల్తాపడి నీరు లోపలికి వచ్చును. అందుకు ఆర్కిమిడీస్ సూత్రము శరణ్యము. 15 కిలోల పడవలోని వస్తువులన్నియు కలిసి 6 లీటర్ల నీటిని మాత్రమే తొలగించుననుకొందము. అప్పుడు మిగిలిన 9 కిలోలను మోయుటకు పది లీటర్ల పరిమాణము గల థర్మోకోల్ వంటి తేలిక పదార్థమును లోపల బిగింపవలెను. ఇట్లు చేసినచో పడవ మునుగదు.

ఇంతవరకు చెప్పినది శక్తిని కూర్చు విధానము. ఇక అసలు విషయము. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు పడవ ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటును. ఆ వేగమున 15 కిలోల పడవలో నిక్షిప్తమైన శక్తి, అదే బరువు 39 మీటర్ల ఎత్తునుండి క్రిందపడినప్పటి శక్తితో సమానము. పది యంతస్తుల మేడను మించిన యెత్తు అది. చెరువు ఒక్క ఆటగాని సొత్తు కాదు. అచ్చట బట్టలుతుకువారు ఉందురు, పశువులను కడుగువారు ఉందురు, ఈదులాడు పిల్లలు ఉందురు. దీనిని బొమ్మ యనుట మాటవరుసకే గాని, తగిలినవానికి అది బొమ్మ కాదు.

కావున నిర్మాత మొదట అడుగవలసిన ప్రశ్న, పడవ ఎంత వేగముగా పోవును అని కాదు. ఆజ్ఞ వినబడనప్పుడు అది ఏమి చేయును అని. నేటి పడవలలో వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు నీటిలో చొచ్చుకొని పోజాలవు; అందుచే గ్రాహకపు తీగను నీటిమట్టమునకు వీలైనంత పైన నిలుపుదురు. ఎంత జాగ్రత్తపడినను ప్రసారకములోని ఘటము బలహీనపడవచ్చును, అతుకు ఊడవచ్చును. సంకేతము తెగిన మరుక్షణమే మోటారు ఆగునట్లు గ్రాహకమును ముందే అమర్చవలెను. ఘటములకును మోటారునకును నడుమ ప్రవాహమును తెంచు తీగ ముడి యొకటి మూత తెరువకయే అందునట్లు పడవ పైభాగమున ఉండవలెను. గట్టుపై నున్నవాడు పడవను ముట్టుటకు ముందు దానిని లాగివేసినచో, పొరపాటున మీట కదలినను ప్రొపెల్లరు తిరుగదు, వ్రేళ్లు దక్కును.

ఘటముల విషయమునను ఇట్టి సంయమమే కావలెను. ఉబ్బిన ఘటమును, దెబ్బతిన్న ఘటమును మరల వాడరాదు. నింపుచున్నంతసేపు మనిషి దగ్గర నుండవలెను. ఇసుక బకెట్టు చేతికందు దూరమున నుండవలెను. పడవ నడిచెరువులో నిలిచిపోయినచో దానికొరకు ఈదబోరాదు. గాలి దానిని గట్టునకు చేర్చువరకు వేచియుండుటయు ఈ విద్యలో భాగమే.

పాఠశాలలో ఇట్టి పనిని తలపెట్టు ఉపాధ్యాయునకు 9 అశ్వశక్తుల పడవ అక్కరలేదు. అరమీటరు పొడవుగల చిన్న పడవయందును ఈ సూత్రములన్నియు ఒదిగియున్నవి. బరువు తూచుట, పొడవు కొలుచుట, నిర్ణీత దూరమునకు పట్టు కాలము గుర్తించుట, ప్రొపెల్లరు మార్చి మరల కొలుచుట, ఊహించిన అంకెను వచ్చిన అంకె ప్రక్కన వ్రాయుట, ఇవియే ఫ్రూడ్ తన తొట్టియొద్ద చేసిన పనులు. ఘాతములు, వర్గమూలములు పరీక్షకు బట్టీపట్టు అక్షరములు కావని, నీటిపై కదలు నిజములని విద్యార్థి అప్పుడు గ్రహించును.

అన్ని పరీక్షలలో మొదటిది మాత్రము నీటిలో చేయునది కాదు. ప్రొపెల్లరును ఊడదీసి, పడవను గట్టుపై బల్లమీద బిగించి, మోటారును మెల్లగా తిరుగనిచ్చి, చేతిలోని ప్రసారకమును హఠాత్తుగా ఆర్పి చూడవలెను. మోటారు ఆగినచో మిగిలిన పనికి పోవచ్చును. ఆగనిచో, ఆ పడవ ఎంత సుందరమైనదైనను, ఎంత వ్యయమునకు వచ్చినదైనను, ఆనాడు అది నీటిని తాకరాదు.