ఒంటికన్ను బండిలో కూలి జనం

మిరప కోతలు మొదలయ్యాయంటే పల్నాడు, ప్రకాశం పల్లెల్లో కోడి కూయకముందే బండ్లు కదులుతాయి. సరుకు మోయటానికి తయారయిన పికప్ వ్యానుల్లో, ట్రాలీ ఆటోల్లో పాతిక ముప్పై మంది ఆడకూలీలు సద్దిమూటలు పట్టుకుని నిలబడి పోతుంటారు. తిరిగి ఇల్లు చేరేటప్పటికి మళ్లీ దీపాలు పెట్టే వేళవుతుంది. కూలి జనం పని చేసేది పగలయినా, ప్రయాణం చేసేది చీకట్లోనే. ఆ చీకట్లో వాళ్ల ప్రాణాలకు కాపలా బండి ముందున్న రెండు దీపాలు. వాటిలో ఒకటి ఆరిపోయిన బండ్లు ఎన్ని తిరుగుతున్నాయో తెల్లవారుజామున సెంటరులో అరగంట నిలబడితే ఎవరికయినా తెలుస్తుంది.

"ఒకటి వెలుగుతోంది గదన్నా, చాలదా?" అంటాడు డ్రైవరు. చాలదు. ఒంటి దీపం దూరం నుంచి మోటారు సైకిలులా కనపడుతుంది. ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు "మోటారు సైకిలే కదా" అనుకుని రోడ్డు మధ్యకు వస్తాడు. మన దేశంలో బండ్లు ఎడమ పక్క నడుస్తాయి గనుక కుడి దీపం ఆరిపోవటం మరీ ప్రమాదం. లారీకి దగ్గరగా ఉండే మన బండి కుడి భాగం అసలు లేనట్టే ఉంటుంది. ఎడమ దీపం ఆరితే మార్జిన్లో నడిచేవాళ్లు, ఎద్దుబండి, దీపం లేకుండా నిలిపిన ట్రాక్టరు ట్రక్కు కనపడవు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చింది ఏమిటో చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే సెకను పైన గడిచిపోతుంది.

ఎందుకు మార్చరు?

ఒక కూలీ రోజు సంపాదన కంటే తక్కువకు వచ్చే బల్బును నెలల తరబడి ఎందుకు మార్చరు? మేము డ్రైవర్లను అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట: "చెయ్యి దూరదన్నా."

అది సాకు కాదు. పాతకాలం జీపుకు గుండ్రటి దీపం ఉండేది. ముందున్న రింగు స్క్రూలు విప్పితే దీపం చేతిలోకి వచ్చేది. ఇప్పటి పికప్పులు చాలావాటిల్లో బల్బును వెనక నుంచి, బానెట్ లోపలి నుంచి మార్చాలి. అక్కడ ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క ఎయిర్ ఫిల్టరు డబ్బా అడ్డం ఉంటాయి. నాలుగు వేళ్లు దూరితే బొటనవేలు దూరదు. ఫ్యాక్టరీలో దీపం బిగించినప్పుడు ఈ అడ్డం ఉండదు. అడ్డమంతా తర్వాత విప్పేవాడికే.

షాపుకు తీసుకుపోతే బంపరు, గ్రిల్లు విప్పాలంటారు, పూట పడుతుందంటారు. పూట పోతే ట్రిప్పు పోతుంది. బండి యజమాని ట్రిప్పులు లెక్క పెడతాడు గాని దీపాలు లెక్క పెట్టడు. డ్రైవరు కూడా మనలాగే కూలి మనిషి. అందుకే "రేపు చూద్దాం" అంటాడు. ఆ రేపు కోతలయిపోయినా రాదు.

అడ్డం తొలగించి మార్చే తీరు

ఈ పని నేర్చుకుంటే చాలా బండ్లలో అరగంట, ముప్పావు గంటకు మించి పట్టదు. స్పానరు, స్క్రూడ్రైవరు, శుభ్రమయిన గుడ్డ, చిన్న జేబు అద్దం ఉంటే చాలు.

మొదట రోగం తెలుసుకోవాలి. డిమ్ము వెలిగి బ్రైటు వెలగకపోయినా, బ్రైటు వెలిగి డిమ్ము వెలగకపోయినా ఎక్కువసార్లు పోయింది బల్బే. ఎందుకంటే మామూలు హెచ్-4 బల్బులో రెండు తీగలుంటాయి, 55 వాట్లది డిమ్ముకు, 60 వాట్లది బ్రైటుకు. ఆ దీపంలో రెండూ ఒక్కసారే పోతే ముందు ఫ్యూజు, తర్వాత ఎర్తు వైరు, ప్లగ్గు చూడాలి. ప్లగ్గులో చిలుం పట్టి ఉంటే కొత్త బల్బు వేసినా వెలగదు.

దీపాలు ఆర్పి, ఇంజను ఆపి, చల్లారనివ్వాలి. వెలిగిన హాలోజన్ బల్బు చేతిని కాలుస్తుంది.

అడ్డం బ్యాటరీ అయితే ముందు నెగెటివ్ వైరు విప్పాలి, తర్వాత పాజిటివ్. తిరిగి బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగెటివ్. ఈ వరస తప్పి, పాజిటివ్ మీద ఉన్న స్పానరు బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి. అడ్డం ఎయిర్ ఫిల్టరు డబ్బా అయితే క్లిప్పులూ బోల్టులూ విప్పి పక్కన పెట్టాలి. అది తిరిగి బిగించేదాకా ఇంజను స్టార్టు చేయకూడదు, దుమ్ము లోపలికి పోతుంది. కొన్ని బండ్లకు చక్రం పక్కన మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తీస్తే దారి దొరుకుతుంది. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి చూడండి.

లోపల చూపు ఆనదు గనుక, ఏది ఎక్కడుందో సులువుగా చెయ్యి దూరే రెండో దీపం మీద ముందు చూసుకోవాలి. ప్లగ్గు ఎటు లాగాలి, స్ప్రింగు క్లిప్పు ఎటు నొక్కితే ఊడుతుంది అనేది అక్కడ వేళ్లకు అలవాటయితే ఇక్కడ చీకట్లో కూడా పని జరుగుతుంది. కింద గుడ్డ పరవాలి. క్లిప్పు ఊడి ఇంజను సందులో పడితే వెతకటానికే పూట పడుతుంది.

ప్లగ్గును వైరు పట్టుకుని కాక, ప్లగ్గునే పట్టుకుని లాగాలి. రబ్బరు టోపీ ఒలిచి, క్లిప్పు నొక్కి తప్పించి, బల్బు బయటికి తీయాలి. కొత్త బల్బు గాజును వేలితో తాకకూడదు. మన చేతి జిడ్డు గాజుకు అంటితే ఆ చోటు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. తాకితే స్పిరిటుతో తుడవాలి. బల్బు చట్రానికి మూడు చెవులుంటాయి. అవి గాట్లలో ఒకే తీరుగా కూర్చుంటాయి. కూర్చోకపోతే బలవంతం చేయకండి, అద్దంలో చూసి తిప్పి పెట్టండి. వంకరగా కూర్చున్న బల్బు వెలుగుతుంది గాని, రోడ్డు మీద కాక చెట్ల మీద వెలుగుతుంది. చివరకు రబ్బరు టోపీ చుట్టూ గట్టిగా అద్దాలి. అది వదులుగా ఉంటే నీరు, దుమ్ము చేరి లోపలి అద్దం మసకబారుతుంది.

అన్నీ బిగించాక గోడ ముందు బండి నిలిపి రెండు వెలుగులూ ఒకే ఎత్తులో పడుతున్నాయో లేదో చూడాలి. జనంతో నిండిన బండి వెనక కుంగి ముందు లేస్తుంది. దాంతో దీపం కూడా పైకి లేచి ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. అందుకని బరువు వేసి చూసుకోవటమే సరి.

చేయకూడనివి

"మార్చేదేదో పెద్ద బల్బు వేద్దాం" అని 100/90 వాట్ల బల్బు వేస్తుంటారు. లెక్క చూడండి. 12 వోల్టుల మీద 55 వాట్ల తీగ దాదాపు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. 100 వాట్లది ఎనిమిదికి పైగా తీసుకుంటుంది. బండితో వచ్చిన వైరూ, ప్లగ్గూ ఆ బరువుకు తగినవి కావు. ప్లగ్గు కరుగుతుంది, వైరు మాడుతుంది, కడకు నిప్పు అంటుకోవచ్చు. బల్బు కోసం చేసిన దీపంలో ఎల్.ఇ.డి. గుచ్చటమూ మంచిది కాదు. వెలుగు చెదిరి మన రోడ్డు చీకటిగా మిగులుతుంది, ఎదుటివాడికి కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి.

దీపం వెనక ఉన్న ప్రశ్న

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది చనిపోయారు. 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో కరెంటు తీగ తగిలి ఆటో కాలిపోయి అయిదుగురు ఆడకూలీలు బూడిదయ్యారు. ఈ రెండూ దీపం వల్ల జరిగినవి కావు. అయితే ట్రాక్టరయినా, ఆటో అయినా, పికప్ అయినా కూలి జనం ప్రయాణం ఎవరికీ పట్టని విషయంగా ఉన్నదని ఇవి చెబుతున్నాయి.

చీకటి పడ్డాక రోడ్డెక్కే ఇలాంటి బండికి ముందు దీపాలు రెండూ వెలగాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. మరి ప్రమాదం జరిగితే పరిహారం మాటేమిటి? సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణీకుడికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. 1994 సవరణ ఆ రక్షణలోకి తెచ్చింది సరుకు యజమానిని, అతని ప్రతినిధిని. అందుకే ప్రమాదం జరిగినప్పుడు, "బండి ఎక్కినవాళ్లు ఎవరు? ఎవరి పనికి పోతున్నారు?" అనే ప్రశ్న మీదే కేసంతా నడుస్తుంది. ఏ రైతు చేనికి, ఏ మేస్త్రీ ముఠాలో, ఎంతమంది వెళ్లారో రాసిపెట్టుకోవటం ముఠాలకు అలవాటు కావాలి.

బాగుచేసుకునే హక్కు గురించి 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలనూ మోటారు వాహనాలనూ అందులో చేర్చింది. ఆ ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. అయితే పోర్టల్ తెరిచినంత మాత్రాన బ్యాటరీ వెనకకు చెయ్యి దూరదు. రాత్రి దారిలో బల్బు పోతే డ్రైవరు అక్కడే మార్చుకోగలిగేటట్టు బండిని తయారు చేయించాలి.

కార్యకర్తలు చేయవలసింది

కోతల సీజనుకు ముందే ప్రతి ఊళ్లో డ్రైవర్లనూ ముఠా మేస్త్రీలనూ ఒక సాయంత్రం కూడగట్టండి. చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్ చేత అందరి ముందూ ఒక దీపం విప్పించి బిగించి చూపించండి. ప్రతి బండిలో ఒక బల్బు, రెండు ఫ్యూజులు అదనంగా ఉండాలనండి. ఆ ఖర్చు బండి యజమానిదే, డ్రైవరు బత్తాలో కోయటానికి ఒప్పుకోవద్దు. కూలీలను పిలిపించుకునే రైతు కిరాయి ఎంతని అడిగినట్టే దీపాలు వెలుగుతున్నాయా అనీ అడగాలి.

అన్నిటికంటే ముఖ్యం, బండి ఎక్కే ముందు అక్కచెల్లెళ్లు ఒక్కసారి ముందుకు వచ్చి చూడాలి. రెండు దీపాలూ వెలగకపోతే "ముందు బల్బు వెయ్యి తమ్ముడూ, తర్వాత ఎక్కుతాం" అనాలి. ఒక్కరంటే డ్రైవరు విసుక్కుంటాడు. ముప్పై మందీ కిందనే నిలబడితే బల్బు వేయక బండి కదలదు.