అప్పు కంటే ముందు సంఘం

దేశ రాజధానికి దక్షిణంగా, జాతీయ రాజధాని ప్రాంతంలోనే ఉన్న మేవాత్ సీమ హర్యానాలో మిక్కిలి వెనుకబడిన ప్రాంతం. 2005లో ఇది ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. 2016 నుంచి నూహ్ జిల్లాగా వ్యవహరిస్తున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి ఇక్కడి స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 37 మందికి మించలేదు. భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. అందుచేత సేద్యంతో పాటు పశుపోషణే మేవ్ ముస్లిం కుటుంబాలకు ముఖ్యాధారం. తన పేర సెంటు భూమి లేని, సంతకం చేయడం రాని స్త్రీ గేదె కొనుక్కోవాలంటే ఆమెకు బ్యాంకు పరపతి ఏ విధంగా అందుతుంది? మన పల్లెలలోని నిరుపేదలకూ వర్తించే ప్రశ్న ఇది.

అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయంతో 1995 నుంచి సుమారు పదేళ్ల పాటు మేవాత్‌లో అమలైన అభివృద్ధి పథకం ఈ ప్రశ్నకు మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా సమాధానం వెదికింది. అప్పటికే దేశంలో అందుకు మార్గం ఏర్పడి ఉంది. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగాత్మక పథకాన్ని ప్రారంభించింది. రిజిస్టరు కాని సంఘాలు సైతం పొదుపు ఖాతా తెరవవచ్చునని 1993లో రిజర్వు బ్యాంకు అనుమతించింది. అదే ఏడాది ఢిల్లీలో 31 కోట్ల రూపాయల మూలనిధితో ఏర్పడిన రాష్ట్రీయ మహిళా కోశం స్వచ్ఛంద సంస్థల ద్వారా పేద స్త్రీలకు రుణాలు అందించింది. 1996లో సంఘాలకిచ్చే రుణం బ్యాంకుల సాధారణ వ్యాపారంలో భాగమైంది.

తాకట్టు స్థానంలో నమ్మకం

ఈ పద్ధతిలో బ్యాంకు చూసేది ఆస్తిని కాదు, నడతను. సభ్యులు తమ సొంత సొమ్మును ముందుగా కూడబెట్టి, దానినే తమలో తాము అప్పుగా ఇచ్చుకుని, వసూలు చేసుకుంటారు. ఎవరి అవసరం నిజమైనదో, ఎవరు ఎంత తీర్చగలరో బ్యాంకు అధికారి కంటే ఇరుగుపొరుగు స్త్రీలకే బాగా తెలుసు. ఆ తెలివిడే ఇక్కడ పూచీకత్తు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, సక్రమమైన లెక్కలు అనే పంచసూత్రాలు అందుకు పునాది.

తెలుగునాట రెండు అనుభవాలు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై పోరాడారు. ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపు ఉద్యమం బలపడింది. అవి స్త్రీలు తమ కోసం కట్టుకున్న సంఘాలు. ఆ తరువాతి సంవత్సరాలలో అప్పిచ్చే కంపెనీలు తమ వసూళ్ల సౌలభ్యం కోసం ఉమ్మడి హామీ బృందాలను కూర్చాయి. ఒకే ఇల్లాలు నాలుగైదు చోట్ల బాకీ పడిన సందర్భాలు పెరిగాయి. వసూళ్ల ఒత్తిడి విషాదాలకు దారితీయగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. రెండు చోట్లా కూర్చున్నది పదిమంది స్త్రీలే. ఒకచోట సంఘం ముందు, అప్పు తరువాత. మరొకచోట అప్పు కోసమే బృందం.

సభ్యులు తెలుసుకోదగినవి

2011లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద సంఘాలకిచ్చే రుణాల విషయంలో ఈ అంశాలు గుర్తుంచుకోండి.

1. సంఘం కనీసం ఆరు నెలలుగా చురుకుగా పనిచేస్తూ ఉండాలి. ఈ గడువును సంఘం పుస్తకాల ప్రకారం లెక్కించాలి గాని, బ్యాంకు ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు.

2. తొలి విడత రుణం మూలనిధికి ఆరు రెట్లు లేదా 1,50,000 రూపాయలు, వీటిలో ఏది ఎక్కువైతే అది. ఉదాహరణకు 12 మంది నెలకు 200 చొప్పున ఏడాది దాచితే 28,800 రూపాయలు. అంతర్గత అప్పులపై వడ్డీ 1,200 చేరితే మూలనిధి 30,000. ఆరు రెట్లు 1,80,000. సభ్యుల చేతిలో అప్పుగా ఉన్న సొమ్ము కూడా మూలనిధిలో భాగమే.

3. 10 లక్షల రూపాయల వరకు రుణానికి తాకట్టు గాని, మార్జిను గాని కోరరాదు. సంఘం పొదుపు ఖాతాలోని సొమ్మును రుణానికి హామీగా నిలిపివేయరాదు. డిపాజిట్టు పెట్టమని ఒత్తిడి చేయరాదు. ఎక్కడైనా ఆ విధంగా జరిగితే మర్యాదగా, లిఖితపూర్వకంగా శాఖ మేనేజరు దృష్టికి తీసుకువెళ్లండి.

4. వికలాంగుల ప్రత్యేక సంఘాలకు ఐదుగురు సభ్యులున్నా చాలు. వీటిలో పురుషులూ చేరవచ్చు.

రుణాన్ని ఎవరికి ఎంత పంచాలో సంఘమే తీర్మానించాలి. నాయకురాలి ఇంటికే అధిక భాగం చేరితే, నెల పొదుపు కట్టలేని నిరుపేద సభ్యురాలు మౌనంగా తప్పుకుంటుంది. ఎవరికోసం సంఘం వెలసిందో వారే బయటపడటం కంటే పెద్ద నష్టం లేదు. అందుచేత పొదుపు మొత్తాన్ని అందరికంటే పేద సభ్యురాలి శక్తిని బట్టి నిర్ణయించండి. లెక్కలు రాసేది చదువుకున్న అమ్మాయి అయినా, ప్రతి సమావేశంలోనూ వాటిని అందరికీ వినిపించాలి.

డీలర్లకు ఒక మాట

విత్తనాలు, ఎరువులు, దాణా అమ్మే వ్యాపారులకు సంఘం నమ్మకమైన ఖాతాదారు. సభ్యురాలి పేర సరైన బిల్లు ఇవ్వండి. రుణం మంజూరైందని తెలిసి అక్కర లేని సరుకు అంటగట్టకండి. పాసుపుస్తకాన్ని పాత బాకీకి కుదువగా ఉంచుకోకండి. సంఘం నిలిస్తే మీ గిరాకీ ఏటేటా నిలుస్తుంది.

మేవాత్ అయినా, నెల్లూరు అయినా బ్యాంకు ఇవ్వగలిగింది సొమ్ము మాత్రమే. ఒకరి కష్టానికి పదిమంది పూచీ పడే కట్టుబాటును ఏ శాఖలోనూ మంజూరు చేయలేరు. అది సభ్యుల చేతిలోనే ఉంది. సంఘాన్ని ముందుగా మీదిగా చేసుకోండి. పరపతి మిమ్మల్ని వెదుక్కుంటూ వస్తుంది.