పలక పట్టించే గురువుకు పట్టా ఏదీ?

చట్టం ఆరేళ్ల దగ్గర ఆగింది. శిశువిద్య ఉపాధ్యాయిని భవిష్యత్తూ అక్కడే ఆగింది

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే వేళకు మన పట్టణాల కూడళ్లలో రెండు రకాల ప్రకటనలు పక్కపక్కనే వేలాడుతుంటాయి. మూడేళ్ల పిల్లలను నర్సరీలో చేర్చుకుంటామని చెప్పే కాన్వెంటు ప్రకటన ఒకటి. ఆ పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లను ఏడాదిలోనే తయారుచేస్తామని చెప్పే శిక్షణ సంస్థ ప్రకటన మరొకటి. మొదటిదాన్ని చూసి తల్లిదండ్రులు, రెండోదాన్ని చూసి ఇంటర్మీడియట్ పూర్తిచేసిన ఆడపిల్లలు వేల రూపాయలు చెల్లిస్తున్నారు. చిన్నపిల్లల టీచరు కావడానికి ఈ దేశంలో చట్టబద్ధమైన అర్హత ఏమిటన్న ప్రశ్న మాత్రం ఈ ఇరువురిలో ఎవరికీ తోచదు. తోచేనాటికి డబ్బూ, కాలమూ రెండూ ఖర్చయిపోయి ఉంటాయి.

అర్హత లేకపోలేదు. అది కాగితం మీద స్పష్టంగానే ఉంది. దానిని తప్పనిసరిగా పాటించేలా చేయగల చట్టమే లేదు. సమస్యకు మూలం ఇక్కడుంది.

నిబంధన ఉంది, నిర్బంధం లేదు

ఉపాధ్యాయ విద్యను క్రమబద్ధం చేయడానికి పార్లమెంటు 1993లో చేసిన చట్టం మేరకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 1995లో చట్టబద్ధ సంస్థగా ఏర్పడింది. ఉపాధ్యాయుల కనీసార్హతలపై ఈ మండలి 2014లో జారీచేసిన నిబంధనలు పూర్వప్రాథమిక తరగతులను కూడా ప్రస్తావించాయి. వాటి ప్రకారం నర్సరీ టీచరుగా నియమితులయ్యేవారు పన్నెండో తరగతిలో కనీసం 50 శాతం మార్కులు పొంది ఉండాలి. దానికి తోడు రెండేళ్లకు తగ్గని నర్సరీ ఉపాధ్యాయ విద్య లేదా పూర్వప్రాథమిక విద్య డిప్లొమా కాని, మండలి గుర్తింపు పొందిన సంస్థనుంచి బి.ఎడ్. (నర్సరీ) పట్టా కాని ఉండాలి.

ఇక్కడ 'రెండేళ్లు', 'గుర్తింపు' అన్నవి రెండు కీలక పదాలు. గోడలమీద కనిపించే 'నర్సరీ టీచర్ ట్రైనింగ్' కోర్సుల్లో అనేకం ఆరు నెలలవి, లేదా ఏడాదివి. వీటిని నడిపేవి ప్రైవేటు సంస్థలు, ట్రస్టులు. 'ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పొందినది' అని అవి ప్రకటించుకోవడంలో అబద్ధం ఉండకపోవచ్చు. అయితే సంఘంగానో, ట్రస్టుగానో రిజిస్టరు కావడం వేరు. ఉపాధ్యాయ శిక్షణ ఇవ్వడానికి మండలి గుర్తింపు పొందడం వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే ఎందరో యువతులు చేతిలో సర్టిఫికెట్ ఉండి కూడా దరఖాస్తుకు అనర్హులవుతున్నారు.

ఇందుకు హిమాచల్ ప్రదేశ్ అనుభవం తాజా ఉదాహరణ. అక్కడ ప్రభుత్వ పాఠశాలల్లోని పూర్వప్రాథమిక తరగతులకు ఆరు వేలకు పైగా బోధకుల పోస్టులను ఔట్‌సోర్సింగ్ పద్ధతిన భర్తీ చేయడానికి ఇటీవలి సంవత్సరాల్లో ప్రయత్నం సాగింది. రెండేళ్ల డిప్లొమా నిబంధన దగ్గరకు వచ్చేసరికి, ఏడాది కోర్సు చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన అభ్యర్థులు పెద్దసంఖ్యలో అనర్హులుగా తేలారు. పోస్టులున్నాయి, నిరుద్యోగులూ ఉన్నారు; రెంటినీ కలిపే అర్హతే కరవయింది. నిబంధనను సడలిస్తే పిల్లలకు నష్టం, పాటిస్తే అభ్యర్థులకు నష్టం. ఆ సర్టిఫికెట్లు అమ్ముడుపోతున్న కాలంలో చూస్తూ ఊరకున్న యంత్రాంగానికి మాత్రం ఏ నష్టమూ లేదు.

ఆరేళ్ల దగ్గర ఆగిన హక్కు

ఈ ఉదాసీనతకు రాజ్యాంగపరమైన నేపథ్యం ఉంది. ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల మధ్య నడిచిన ప్రసిద్ధ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1993లో తీర్పు చెబుతూ, పధ్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలకు ఉచిత విద్య హక్కేనని స్పష్టంచేసింది. ఆ తీర్పు ఆరేళ్లలోపు పిల్లలను వేరుచేయలేదు. వేరుచేసింది 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ. ఆరునుంచి పధ్నాలుగేళ్ల వారికి విద్యను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన ఆ సవరణ, ఆరేళ్లలోపు వారి సంరక్షణను, విద్యను ఆదేశిక సూత్రాలలోని 45వ అధికరణానికి పరిమితం చేసింది. ఆదేశిక సూత్రం అమలు కోసం న్యాయస్థానానికి వెళ్లే వీలులేదన్నది విదితమే.

2009లో చేసిన విద్యాహక్కు చట్టం కూడా ఇదే బాటలో నడిచింది. మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అని 11వ సెక్షన్ చెబుతున్నది, 'చేయాలి' అనడంలేదు. ఈ ఒక్క క్రియాపదం తేడాతో చాలా విషయాలు తారుమారయ్యాయి. ఒకటినుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పనిసరి అయింది. నర్సరీ, ఎల్.కె.జి., యు.కె.జి.లు ఆ పరిధికి వెలుపలే ఉండిపోయాయి. ఒకటో తరగతి పిల్లవాడికి పాఠం చెప్పాలంటే డిప్లొమా, అర్హత పరీక్ష, నియామక పరీక్ష అనే మూడు గడపలు దాటాలి. అతడి చెల్లెలికి అదే ఆవరణలోని ఎల్.కె.జి. గదిలో పాఠం చెప్పడానికి యాజమాన్యం సమ్మతి ఒక్కటే చాలుతున్నది. మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానమే పేర్కొనడం గమనార్హం.

ఏ దారి ఎక్కడికి?

ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థినికి నేడు ప్రధానంగా ఉన్న దారులను వేర్వేరుగా పరిశీలించాలి.

మొదటిది పూర్వప్రాథమిక విద్యలో రెండేళ్ల డిప్లొమా. తెలంగాణలో దీనిని డి.పి.ఎస్.ఇ. అని వ్యవహరిస్తారు. డి.ఎల్.ఎడ్.తో పాటు దీనికీ డీసెట్ ద్వారానే ప్రవేశాలు జరుగుతాయి. శిశు వికాసం, ఆటపాటల ద్వారా బోధన, బడిలో ప్రత్యక్ష సాధన ఇందులో భాగాలు. నర్సరీ పిల్లల కోసమే ఉద్దేశించిన అసలైన అర్హత ఇదే. అయితే దీనికొక పరిమితి ఉంది. ఒకటినుంచి ఐదో తరగతి వరకు బోధించే ఉద్యోగాలకు ఈ డిప్లొమా పనికిరాదు. ప్రభుత్వ రంగంలో నర్సరీ టీచరు పోస్టులు చాలా రాష్ట్రాల్లో అరుదు కనుక, ఇది చదివినవారు ప్రైవేటు బడుల జీతాల మీదనే ఆధారపడవలసి వస్తున్నది.

రెండో దారి డి.ఎల్.ఎడ్. ఇది కూడా ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్ల కోర్సే. ప్రాథమిక పాఠశాల ఉద్యోగానికి అర్హత ఇస్తుంది. తెలివైన విద్యార్థిని సహజంగానే దీన్ని ఎంచుకుంటుంది. ఫలితంగా శిశువిద్యలో ప్రత్యేక శిక్షణ పొందేవారు తగ్గిపోతున్నారు. డిగ్రీ చదివి బి.ఎడ్. చేసినవారికి ప్రాథమిక తరగతుల తలుపులు సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఇచ్చిన తీర్పుతో మూసుకుపోయాయి. చిన్నపిల్లలకు బోధించే నేర్పు వేరు, పెద్ద తరగతులకు బోధించే నేర్పు వేరు అన్నదే ఆ తీర్పులోని సారాంశం. ఐదో తరగతి వరకు వర్తించిన ఈ సూత్రం మూడేళ్ల పసివారికి మరింతగా వర్తించదా అన్నది ఆలోచించవలసిన విషయం.

మూడోది డిగ్రీ మార్గం. గృహవిజ్ఞాన కళాశాలల్లో మానవ వికాసం, శిశు వికాసం ప్రధానాంశాలుగా చదివే యువతులకు బాలల మనస్తత్వంపై మంచి అవగాహన ఏర్పడుతుంది. కాని ఆ డిగ్రీ ఒక్కటే ఉపాధ్యాయ అర్హత కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో ప్రారంభించిన నాలుగేళ్ల బి.ఎల్.ఎడ్. కోర్సు ఎంతో పేరు గడించినా, దాని పరిధి ఎలిమెంటరీ తరగతులే. బి.ఎడ్. (నర్సరీ) అందించే సంస్థలు వేళ్లమీద లెక్కించదగినవి.

ఈ లోటును పూరించడానికి జాతీయ విద్యావిధానం కొత్త మార్గం సూచించింది. మూడేళ్లనుంచి ఎనిమిదేళ్ల వరకు, అంటే మూడేళ్ల బాలవాడినుంచి రెండో తరగతి వరకు కలిపి 'పునాది దశ'గా పేర్కొన్నది. 2021లో నోటిఫై అయి, 2023-24లో ప్రయోగాత్మకంగా ఆరంభమైన నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సులో ఈ దశకు ప్రత్యేక విభాగం ఏర్పరచారు. ఇంటర్మీడియట్ తర్వాత జాతీయ ప్రవేశ పరీక్ష రాసి చేరే ఈ కోర్సు పూర్తిచేస్తే, డిగ్రీ, ఉపాధ్యాయ విద్య రెండూ ఒకే పట్టాలో దక్కుతాయి. నర్సరీ టీచరును, రెండో తరగతి టీచరును ఒకే స్థాయిలో నిలబెట్టే ప్రయత్నం ఇది. అయితే ఈ కోర్సు నడిపే ప్రతి సంస్థలోనూ పునాది దశ ఉండదు. సంస్థ పేరు చూసి కాక, దానికి ఏ దశకు అనుమతి ఉన్నదో చూసి చేరడం అవసరం.

అంగన్‌వాడీ అక్కయ్య సంగతి

పట్టాల చర్చలో మరుగునపడిపోయే ఉపాధ్యాయిని మరొకరున్నారు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నేడు సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలకు విస్తరించింది. పేద కుటుంబాల పిల్లలకు బడికి ముందు బడి అదే. అక్కడి కార్యకర్త పౌష్టికాహారం పంచాలి, టీకాలకు తల్లులను సమీకరించాలి, పిల్లల బరువు తూయాలి, సర్వేలు చేయాలి, ఫోనులో వివరాలు నమోదు చేయాలి. మిగిలిన సమయంలో పాఠం చెప్పాలి. చాలాకాలం పదో తరగతి ఉత్తీర్ణతే ఆమె కనీసార్హత. ఉద్యోగంలో చేరాక ఇచ్చే స్వల్పకాలిక తరగతులే ఆమె శిక్షణ.

కేంద్రం 2018 అక్టోబరునుంచి ఆమెకు నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు రూ.4,500. రాష్ట్రాలు దీనికి తమ వంతు కలుపుతాయి. ఆ మేరకు మొత్తం గౌరవ వేతనాన్ని ఆంధ్రప్రదేశ్ 2019లో రూ.11,500కు, తెలంగాణ 2021లో రూ.13,650కి పెంచాయి. గౌరవమే తప్ప ఉద్యోగి హోదా లేదు. ఆమెకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పవలసి వచ్చింది. గ్రాట్యుటీ, వేతన పెంపు కోరుతూ ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరునుంచి 2024 జనవరి వరకు 42 రోజులు సమ్మె చేశారు. అత్యవసర సేవల చట్టాన్ని వారిపై ప్రయోగించారు. సేవ అత్యవసరమైనదే అయినప్పుడు, ఆ సేవ చేసేవారికి ఉద్యోగి హోదా ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం రాలేదు.

వీరిని శిక్షితులుగా తీర్చిదిద్దే ప్రతిపాదన జాతీయ విద్యావిధానంలో ఉంది. పన్నెండో తరగతి, ఆపైన చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్. అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా. ఉన్న పని మానకుండా, దూరవిద్య పద్ధతిలో, నెలకొకసారి ప్రత్యక్ష తరగతితో దీన్ని నడపాలన్నది ఆలోచన. 2023 మేలో కేంద్రం 'పోషణతో పాటు చదువు' అన్న అర్థమిచ్చే పేరుతో శిక్షణ కార్యక్రమం చేపట్టింది. 2024లో మూడునుంచి ఆరేళ్ల పిల్లల కోసం 'ఆధారశిల' అనే పాఠ్య ప్రణాళికను విడుదల చేసింది. ఇవి స్వాగతించదగినవే. కాని బయట అభ్యర్థికి రెండేళ్ల డిప్లొమా కావాలంటూ, 14 లక్షల కేంద్రాలలో ఆరు నెలల సర్టిఫికెట్ చాలుననడంలో వైరుధ్యం ఉంది. పేదల పిల్లలకు ఒక కొలత, ఇతరులకు మరో కొలత కాకూడదు. ఆరు నెలల సర్టిఫికెట్‌ను తొలి మెట్టుగా గుర్తించి, దానిమీదుగా రెండేళ్ల డిప్లొమాకు, ఆపైన డిగ్రీకి చేరే వీలు కల్పిస్తేనే ఆ శిక్షణకు సార్థకత.

మరచిన వారసత్వం

శిశువిద్య గురువులను తీర్చిదిద్దడం మనకు కొత్త విద్యేమీ కాదు. గిజుభాయ్ బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించారు. బడి పెట్టి ఊరుకోక, దానికి తగిన ఉపాధ్యాయుల శిక్షణకూ పూనుకున్నారు. ఆయన సహచరి తారాబాయి మోదక్ మహారాష్ట్రలోని కోస్బాడ్ గిరిజన పల్లెల్లో పిల్లల ఇళ్ల ముంగిటికే బడిని తీసుకువెళ్లారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు చేరి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. పసిపిల్లల బోధనకు ప్రత్యేక విద్య కావాలన్నది ఆ ముగ్గురి విశ్వాసం. ఆ పేర్లు నేడు కాన్వెంటు బోర్డుల మీద మిగిలాయి. ఆ శిక్షణ మిగలలేదు.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనే ఒక ఏడాది పూర్వప్రాథమిక తరగతిని చేర్చి, దానికి ప్రత్యేకంగా సహాయ ఉపాధ్యాయ పోస్టులు సృష్టించింది. పోస్టు ఉంటే అర్హతకు విలువ వస్తుంది. అర్హతకు విలువ వస్తే శిక్షణకు నాణ్యత వస్తుంది. ఈ వరుసను తలకిందులుచేసి, పోస్టులు లేకుండా సర్టిఫికెట్లను మాత్రం పెరగనిచ్చిన ఫలితాన్నే మనం అనుభవిస్తున్నాం.

చేయవలసింది స్పష్టమే. విద్యాహక్కును మూడేళ్ల వయసునుంచి వర్తింపజేయాలి. నర్సరీ టీచరు అర్హతను ప్రైవేటు బడులకూ తప్పనిసరి చేయాలి. ప్రభుత్వ బడుల్లో అందుకు శాశ్వత పోస్టులు మంజూరు చేయాలి. గుర్తింపులేని కోర్సుల ప్రకటనలపై చర్య తీసుకోవాలి. అవి జరిగేలోగా ఏ కోర్సులోనైనా చేరబోయే అమ్మాయి ఫీజు కట్టేముందు మూడు ప్రశ్నలు వేయాలి: ఈ సంస్థకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు పత్రం ఉన్నదా? కోర్సు కాలం రెండేళ్లకు తగ్గకుండా ఉన్నదా? ఈ పట్టాతో ఏ తరగతులకు బోధించే అర్హత వస్తుంది? ఈ మూడింటికీ కాగితం మీద సమాధానం చూపలేని చోట డబ్బు చెల్లించనవసరం లేదు.

మొక్కై వంగనిది మానై వంగదని పెద్దలమాట. మొక్కను పెంచే చేతికి పని నేర్పకుండా, జీతమివ్వకుండా, చెట్టు వంకరపోయిందని వాపోవడం న్యాయం కాదు.