ఓల్డ్ సెటిల్‌మెంటులో ఋతువుల రుచులు

ఋతువు ననుసరించి భుజించుట ఫ్రాన్సుదేశపు పల్లెలకే చెల్లినదని తలంచువారు వంగదేశపు ఖరగ్‌పూరు రైల్వే పట్టణమందలి ఓల్డ్ సెటిల్‌మెంటును ఒకమారు దర్శింపవలెను. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై శ్రీకాకుళ, విశాఖ ప్రాంతముల నుండి తరలివచ్చిన తెలుగువారు, ఇనుపదారుల నడుమ నివసించుచుండియు, పల్లెటూరి పంచాంగమును విడువలేదు. చైత్రమున వేపపూతతో ఉగాది పచ్చడి, ఎండలు ముదిరినపుడు ఆవకాయ. వానకాలమున అంగడికి వచ్చు ఇలిశ మన గోదావరి పులసయే. సముద్రము నుండి నదికి ఎదురీదివచ్చు ఆ మత్స్యమును వంగీయులు ఆవముద్దతోను, మనవారు చింతపండు పులుసుతోను వండుదురు.

అన్నింటికంటె నాకు ప్రియమైనది శీతకాలము. పట్టణము చుట్టునున్న మేదినీపూరు పల్లెలలో సాయంకాలమున ఈతచెట్టును గీచి, కుండ గట్టి, రాత్రియెల్ల ఊరిన రసమును తెల్లవారకమున్నే దింపి, అది పులియుటకు వ్యవధి నీయక, వెడల్పైన పెనములందు కాచి బెల్లము చేయుదురు. ఎండ సోకినంతనే రసము పులియును గనుక చలినెలలు దాటిన పిదప ఎంత ధనమిచ్చినను ఆ క్రొత్తబెల్లపు పరిమళము లభింపదు. సంక్రాంతినాడు వంగీయుల యిండ్లలో ఆ బెల్లముతో పిఠాలనెడు పిండివంటలు సిద్ధమగుచుండ, పొరుగున తెలుగు వంటశాలలలో క్రొత్తబియ్యపు పిండితో అరిసెలు వేగుచుండును. ఈతబెల్లముతో చేసిన అరిసెను రుచిచూచినవారికి చెరకుబెల్లపు అరిసె కొంత వెలితిగా తోచుననియే నా నిశ్చయము.