పక్క దెబ్బ, పల్టీ: కారులోని వారికి తలగాయాలు

ఈ భాగం చదివాక, కారుకు పక్కనుంచి దెబ్బ తగిలినప్పుడు లేదా అది పల్టీ కొట్టినప్పుడు లోపలివారి తలకు గాయం ఎలా అవుతుందో, దాన్ని ఎలా నివారించవచ్చో మీరు వివరించగలుగుతారు.

1. మూడు ఢీలు

ప్రతి ప్రమాదంలో మూడు ఢీలు ఉంటాయి. మొదట వాహనం దేన్నో ఢీకొంటుంది. తరువాత లోపలి మనిషి తలుపునో అద్దాన్నో ఢీకొంటాడు. చివరగా మెదడు కపాలపు లోపలి గోడను తాకుతుంది. తల గిర్రున తిరిగితే మెదడులోని నాడీతంతువులు, సన్నని రక్తనాళాలు తెగవచ్చు.

2. పక్క దెబ్బకు తీవ్రత ఎందుకు ఎక్కువ?

కారు ముందుభాగం నలుగుతూ దెబ్బలోని శక్తిని గ్రహిస్తుంది. పక్కన అడ్డుండేది తలుపు మందమే. గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. ఆ వేగంతో కదిలే తల 50 సెం.మీ. దూరంలో ఆగితే, దానిపై పడే రుణత్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 10 రెట్లు. 5 సెం.మీ.లోనే ఆగితే సుమారు 100 రెట్లు. వేగం అదే, ఆగే దూరం తగ్గినకొద్దీ దెబ్బ పెరుగుతుంది.

3. ఒక ఉదాహరణ

పల్టీలో ఇంకో ముప్పు ఉంది: మనిషి బయటకు విసిరివేయబడటం. 2014 ఏప్రిల్ 23 రాత్రి, ఎన్నికల ప్రచారం ముగించుకొని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్తున్న అభ్యర్థి భూమా శోభా నాగిరెడ్డి వాహనం, రోడ్డుపై ఆరబోసిన ధాన్యపు కుప్ప కారణంగా పల్టీ కొట్టింది. ఆమె బయటకు పడిపోయారు. తలకు తీవ్ర గాయాలయ్యాయి. నంద్యాలలో చికిత్స చేసి హైదరాబాద్‌కు తరలించినా, మర్నాడు మరణించారు. ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పత్రికలు రాశాయి.

4. నివారణ

సీటు బెల్టు మనిషిని వాహనంలోనే నిలిపి ఉంచుతుంది. అయితే దెబ్బ తగిలిన వైపు కూర్చున్నవారి తల అద్దానికి కొట్టుకోకుండా బెల్టు ఒక్కటే ఆపలేదు. అక్కడ తెరలా జారే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అవసరం. మనదేశంలో 2017 అక్టోబరు 1 నుంచి కొత్త మోడళ్లకు పక్క దెబ్బ పరీక్ష తప్పనిసరి అయింది. వెనుక సీటులోనూ బెల్టు పెట్టుకోండి. రోడ్డుపై ధాన్యం ఆరబోయకండి.

తలకు దెబ్బ తగిలిన వ్యక్తి మామూలుగానే మాట్లాడుతున్నా, తరువాత వాంతులు, మగత కనిపిస్తే కపాలంలో రక్తస్రావం జరుగుతుండవచ్చు. మెడ కదలకుండా చూసి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో సీటు బెల్టు మూడు ఢీలలో దేన్ని ఆపలేదు? దేని తీవ్రతను తగ్గించగలదు?