మీకు తెలుసా? ఎవరెస్ట్‌కూ ఒక స్థానిక సంస్థ ఉంది!

ఎవరెస్ట్ నేపాల్, చైనా సరిహద్దులో ఉందని చిన్నప్పుడే చదువుకున్నాం. మరి నేపాల్ వైపు ఆ శిఖరం ఏ ఊరి కిందికి వస్తుంది? సోలుఖుంబు జిల్లాలోని ఖుంబు పాసాంగ్ లామూ గ్రామీణ మున్సిపాలిటీ కిందికి!

• 2015 రాజ్యాంగం అమల్లోకి వచ్చాక నేపాల్ తన స్థానిక పాలనను పూర్తిగా మార్చేసింది. మూడు వేలకు పైగా ఉన్న గ్రామాభివృద్ధి కమిటీలు 2017లో రద్దయ్యాయి. ఇప్పుడు దేశమంతటా ఉన్న స్థానిక సంస్థలు 753. వాటిలో 460 గ్రామీణ మున్సిపాలిటీలే. వీటిని అక్కడ గావ్‌పాలికలంటారు.

• నామ్చే, ఖుంజుంగ్, చౌరీఖర్కా అనే మూడు కమిటీలను కలపగా ఏర్పడిందే ఈ గావ్‌పాలిక. విస్తీర్ణం సుమారు 1,539 చదరపు కిలోమీటర్లు, జనాభా మాత్రం పది వేల లోపే.

• దీనికి పెట్టింది ఒక షెర్పా మహిళ పేరు. 1993 ఏప్రిల్ 22న ఎవరెస్ట్ ఎక్కిన తొలి నేపాలీ మహిళ పాసాంగ్ లామూ షెర్పా, దిగి వస్తూ మంచులోనే ప్రాణాలు కోల్పోయారు.

• నేపాల్ స్థానిక సంస్థల్లో ప్రతి వార్డుకూ అయిదుగురు ప్రతినిధులు. వారిలో ఇద్దరు మహిళలు ఉండాల్సిందే, ఆ ఇద్దరిలో ఒకరు దళిత మహిళ కావాలి. ఊళ్లో తగాదాలు తీర్చే న్యాయ సమితికి గావ్‌పాలిక ఉపాధ్యక్షులే సారథి.

• రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు స్థానిక సంస్థలకే 22 అధికారాలు అప్పగించింది. హైస్కూలు చదువు కూడా వాటిలో ఉంది.

• నామ్చే బజార్ ఎత్తు 3,440 మీటర్లు. అక్కడికి వాహనాలు వెళ్లే రోడ్డు లేదు. బియ్యం బస్తా అయినా, గ్యాస్ బండ అయినా ఎక్కువగా మనుషుల వీపున గానీ పశువుల మీద గానీ చేరుతుంది.

• ఇక్కడికొచ్చే ట్రెక్కర్ల నుంచి గావ్‌పాలిక సొంతంగా ప్రవేశ రుసుము వసూలు చేస్తుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై 2020 నుంచి నిషేధం ప్రకటించింది.

• ఎవరెస్ట్ మీది చలిలో మానవ మలం కుళ్లి మట్టిలో కలిసిపోదు. అందుకే పర్వతారోహకులు తమ మలాన్ని ప్రత్యేక సంచుల్లో కిందికి తెచ్చి చూపించాలని 2024లో నిబంధన పెట్టింది కూడా ఈ గావ్‌పాలికే.

కొండను కాపాడాలన్న పట్టుదల ఆ కొండ కింద బతికేవాళ్లకే ఎక్కువ. అధికారం వాళ్ల చేతికి అందితే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి ఈ చిన్న గావ్‌పాలికే రుజువు. బేస్ క్యాంప్ ట్రెక్కింగ్‌కు వెళ్లే తెలుగువారూ, ఆ రుసుము సంతోషంగా కట్టండి, మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోండి.